బొట్ల పురుగు

నా చిన్నప్పుడు మా ఇంట్లో జరిగిన ఒక సంగతిని మా అన్నయ్య ఏ పెళ్ళికి వెళ్ళినా విస్తరి ముందు కూర్చుని చెబుతాడు. బాణామతి చేసే ముసలిది ఒకతె మా తమ్ముడి మీదికి మంత్రించిన పురుగును పంపిందట. ఆ ముసలిదాని పళ్ళు పీకాలని వాడంతా పట్టుబడితే మా తాతయ్య జాలిపడి, వట్టిగా వెళ్ళగొట్టి వదిలేశాడట. ఆమె గడప దాటిన గడియలోనే తమ్ముడు కళ్ళు తెరిచి పాలకు ఏడ్చాడట. విన్నవాళ్ళు తాతయ్యకు దండం పెట్టినంత పని చేస్తారు. నేను పక్కనుంటే అన్నయ్య కొంచెం గొంతు తగ్గిస్తాడు. తగ్గించాలి మరి. ఆ పదిహేను రోజులూ ఆయన ఉప్పుగూడలో మా మేనమామ ఇంట్లో గోళీలు ఆడుకుంటున్నాడు. ఇంట్లో ఉన్నది నేను. అసలు ఆ కథ మొదలైందే నా నోట్లోంచి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఎక్కడో యుద్ధం జరుగుతున్నదని పెద్దవాళ్ళు అనుకునే రోజులు, కిరసనాయిలు దొరకని రోజులు. మాది హుస్సేనీ ఆలంలో ఒక లోపలి గల్లీ. పెద్ద దర్వాజా వెనక ఏడెనిమిది ఇళ్ళు, మధ్యలో ఒక చేదబావి. దాన్ని మేము వాడ అనేవాళ్ళం. స్థలం తాతయ్యది, అందుకని మాట కూడా తాతయ్యదే. వెనకవైపు ఎప్పటిదో వరదలో కూలిన గోడ ఉండేది. ఆ గోడ పక్క అర్రలో నులక అవ్వ ఉండేది.

మంచాలకు నులక పేని అల్లడం ఆమె బతుకు. కూలిన గోడ వెనకాల పాడుబడ్డ జాగాలో తనే జనుము చల్లుకునేది. పూతకు రాగానే కోసి, రాతితొట్టిలో నానబెట్టి నార తీసేది. ఆ తొట్టి కంపుకు వాడలో ఆడవాళ్ళు ముక్కు మూసుకుని తిట్టేవాళ్ళు గాని, వాళ్ళ ఇళ్ళలో మంచాలన్నీ అవ్వ అల్లినవే. ఆమెకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. మనిషిని అడుగుల చప్పుడుతో గుర్తుపట్టేది. నులకను మాత్రం పళ్ళతో పేనేది. ఒక కొసను పళ్ళతో కరిచిపట్టి, నారను రెండు అరచేతుల మధ్య నలుపుతూ పోయేది. డెబ్బై దాటినా ఒక్క పన్ను కదల్లేదు. "కండ్లు పోతే పోనీ, పండ్లున్నయి, బతుకుత" అనేది. ఆ పళ్ళే ఆమెకు మూడో చెయ్యి.

తమ్ముడు పుట్టినప్పుడు మా అమ్మకు కొత్త మంచం అల్లింది కూడా అవ్వే. అల్లడం పూర్తయ్యాక, విత్తనానికని కోయకుండా వదిలిన జనుములోంచి ఎండిన కాయల గుత్తి ఒకటి తెచ్చి మంచం పైనున్న దూలానికి కట్టింది. కదిలిస్తే లోపలి గింజలు గలగలమంటాయి. "ఇగో, నీ కొడుక్కు నా గిలక" అంది అమ్మతో.

వానలు వెనకబట్టాక తమ్ముడికి జ్వరం పట్టుకుంది. నాలుగో రోజుకు వాడు ఏడవడం కూడా మానేశాడు. పసివాడు ఏడుస్తుంటే విసుక్కుంటాం గాని, ఏడవని పసివాడున్న ఇంట్లో నడవాలంటే కాళ్ళు బరువెక్కుతాయి. అందరూ గుసగుసగా మాట్లాడేవాళ్ళు. గాలి వచ్చినప్పుడల్లా ఆ కాయల గుత్తి ఒక్కటే గలగలమనేది.

అయిదో రోజు పొద్దున తమ్ముడి దుప్పటి మీద ఒక రెక్కల పురుగు కనిపించింది. నా బొటనవేలి గోరు కన్నా కాస్త పెద్దది. తెల్లని రెక్కలు సన్నగా ముడుచుకుని కూర్చుంది. ఆ తెలుపు మీద నల్లని చుక్కలు, వాటి మధ్యన ఎర్రని బొట్లు. ఎవరో ఓపిగ్గా కూర్చుని కాటుకతో ఒకటి, కుంకుమతో ఒకటి పెట్టినట్టు ఉన్నాయి. వేలితో తాకితే ఎగిరిపోలేదు. పక్కకు ఒరిగి, కాళ్ళు ముడిచి, చచ్చినట్టు పడిపోయింది. మెడ దగ్గర పసుప్పచ్చని నురగ బుడగలు కట్టింది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని నాయనమ్మ దగ్గరికి పరుగెత్తాను. వేళ్ళకు పొడి అంటింది. తెల్లని పొడి, అందులో సన్నని ఎర్రజీర.

నాయనమ్మ నా వేళ్ళనే చూసింది. పురుగును సరిగ్గా చూడనేలేదు.

"కుంకుమ! ఎవ్వరు పెట్టిన్రే దీనికి బొట్లు?"

తెలియదు అంటే సరిపోయేది. ఆ మాట నాకప్పుడు రాదు. ఎవరేది అడిగినా నా దగ్గర జవాబు ఉండాల్సిందే. "నులక అవ్వ పెడ్తది. ఆమె జనుముల గిసొంటియి మస్తున్నయి. నేను చూసిన" అన్నాను. మొదటిది అబద్ధం. రెండోది నిజం. మూడోదాన్ని రెండింటికీ కలిపి వాడుకున్నాను.

నాయనమ్మ లేచి దూలానికున్న గుత్తిని తెంపి పొయ్యిలో పడేసింది. కాయలు పటపటమని పేలాయి. ఆ సాయంత్రానికే వాడలోని మగవాళ్ళు మా అరుగు మీద కూర్చున్నారు. అవ్వ తొట్టి కంపు, ఆమె ఒంటరితనం, ఎప్పుడో ఎవరింట్లోనో చచ్చిన మేక, అన్నీ ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. బాణామతి చేసేవాళ్ళ పళ్ళు పీకేస్తే మంత్రం నోట పలకదని ఆ రోజుల్లో నమ్మకం. పీకే మనిషి మూసీ అవతల ఉన్నాడు. తాతయ్య సరేనన్నాక అమావాస్యకు రమ్మని కబురు పెట్టారు. అమావాస్యకు ఇంకా పదకొండు రోజులున్నాయి. మర్నాడు అరుగు గూట్లో ఒక పట్టకారు కనిపించింది. దానికి పసుపు రాసి, గుడ్డలో చుట్టి పెట్టారు. బడికి పోవాలన్నా బావికి పోవాలన్నా ఆ గూటి పక్క నుంచే పోవాలి. నేను గోడకు అటువైపు ఆనుకుని పోయేదాన్ని.

మా పక్కింట్లో ఒక ముస్లిం పిన్ని ఉండేది, ఖాలా అని పిలిచేదాన్ని. పరదా మనిషి, ఇల్లు దాటదు. పెద్ద చెక్క చట్రానికి మఖ్మల్ బిగించి దాని మీద జరీ పని చేసేది. సూదులకు దారం ఎక్కించి ఇవ్వడానికి నేను రోజూ వెళ్ళేదాన్ని. ఆ రోజు ఆమెకు కూడా నా కథ చెప్పాను. రెండోసారి చెప్పడం కదా, ఇంకా బాగా వచ్చింది. అవ్వ పురుగును ఒళ్ళో పెట్టుకుని పుల్లతో బొట్లు పెడుతున్నట్టు చేత్తో చేసి చూపించాను.

ఖాలా అంతా విని, "నాకొకటి పట్కరా బేటీ. కాని చేత్తోని ముట్టకు. లాంతరు గాజు చిమ్నీ తీస్కపో, రెండు దిక్కుల బట్ట కట్టు" అంది.

నేను మిట్టమధ్యాహ్నం కూలిన గోడ దూకి పోయి రెండింటిని పట్టుకొచ్చాను. పట్టడం కష్టమేమీ కాదు. కాలు తగిలితే జనుములోంచి లేచి, నాలుగడుగులు ఎగిరి మళ్ళీ వాలిపోయేవి. ఖాలా చిమ్నీని కిటికీ వెలుగులో పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత ఒక కాగితాన్ని మడిచి, రెక్కల ఆకారంలో కత్తిరించి విప్పింది. నల్లసిరా, ఎర్రసిరా నా ముందు పెట్టింది.

"దీన్ని చూస్కుంట ఎడమ రెక్క మీద బొట్లు పెట్టు. అయినంక కుడి రెక్క మీద అచ్చం గట్లనే పెట్టు. వచ్చిందా, నీ మాట నిజమని మీ తాతకు నేనే కబురు పంపిస్త."

నాకు పౌరుషం వచ్చింది. మొదటి కాగితం మీద ఒక బొట్టు పక్కకు జరిగింది. రెండో దాని మీద లెక్క తప్పింది. మూడోదాన్ని సిరా మింగేసింది. పొద్దు వాలేదాకా కూర్చున్నాను. అంతసేపూ చూడడం వల్ల ఆ పురుగు నాకు కంఠతా వచ్చింది. అంచు వెంట ఏ చుక్క తర్వాత ఏ బొట్టో, ఎర్ర వరస ఎక్కడ విరిగి మళ్ళీ ఎక్కడ మొదలవుతుందో చెప్పగలను. ఎడమ రెక్క మీద ఏది ఉంటే కుడి రెక్క మీద అదే, అక్కడే ఉంది. రెండో పురుగు మీద బొట్లు కొంచెం వేరు. కాని దాని ఎడమ దాని కుడితో సరిపోయింది.

ఖాలా తన పని ఆపలేదు. "నలభై ఏండ్లసంది సూది పడ్తున్న. ఖాకా లేకుంట రెండు దిక్కుల ఒక్క తీరుగ నాకే రాదు" అంది. ఖాకా అంటే పువ్వు గీతల వెంట సూదితో బెజ్జాలు పొడిచిన కాగితం. గుడ్డ మీద పరిచి సుద్దపొడి రుద్దితే కింద అచ్చు పడుతుంది. "నాకే రానిది, కండ్లు అవుపడని ముసల్దానికి వచ్చిందా? నువ్వు చూసినవా, ఆమె పెడ్తుంటె?"

నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆమె దగ్గరికి తీసుకోలేదు, కోప్పడలేదు. "ఏడిస్తె అవ్వ పండ్లు ఉంటయా? పోయి ఇంట్ల చెప్పు" అంది.

చెప్పాను. అన్నయ్య కథలో లేని ముక్క ఇది. ఆ సాయంత్రమే నాయనమ్మ కొంగు పట్టుకుని, నేను చూడలేదు, అబద్ధం చెప్పాను అన్నాను. నాయనమ్మ నన్ను కింద నుంచి పైదాకా చూసి, "అయ్యో, పిల్లకు గూడ పెట్టింది ముండ. మాట మారుస్తున్నది సూడు" అంది. నా జబ్బకు తాయెత్తు కట్టి, నిమ్మకాయ దిష్టి తీసింది. నా అబద్ధాన్ని ఒక్కసారికే నమ్మారు. నిజం చెప్పబోతే దాన్నీ అవ్వ ఖాతాలోనే వేశారు. మా తాతయ్య దగ్గరికి పోయే ధైర్యం నాకు లేకపోయింది. పోయినా జవాబు ఇదే అయ్యేది.

మర్నాడు ఇదంతా చెబితే ఖాలా సూది చట్రానికి గుచ్చి పని ఆపింది. ఆమె నోరు తెరిస్తే ఇంకో లొల్లి అయ్యేది. మా ఇంటి పంచాయితీలో మీకేం పని అని అరుగు మీద మగవాళ్ళు మీసాలు మెలేసేవాళ్ళు. ఆ సంగతి ఆమెకు నా కన్నా బాగా తెలుసు.

"మనం చెప్తె వినరు. పురుగే చెప్పాలె" అంది. "గీ రెక్కలది గుడ్డు పెడ్తె పిల్ల పురుగు అయితది గద. జనుముల ఏమేం పాకుతున్నయో చూసి రా. ముట్టకుండ చూసి రా."

చూసి వచ్చాను. కాయలకు గుండ్రని బెజ్జాలున్నాయి. ఒక కాయను విప్పితే లోపల గింజ తింటూ ఒక పురుగు ఉంది. నల్లని ఒళ్ళు, తెల్లని చారలు, మధ్యమధ్య నారింజ రంగు మచ్చలు, పలచగా వెంట్రుకలు. ఖాలా అలాంటివి ఆరు తెమ్మంది. కాయలతో సహా చిమ్నీలో వేసి కిటికీలో పెట్టింది. రోజూ కొత్త కాయలు తెచ్చి, పాతవి తీసెయ్యడం నా పని.

అట్లా కాయలు కోస్తుండగా ఒకరోజు అవ్వ వచ్చి నా వెనక నిలబడింది.

"ఎవలది, పెద్దింటి పోరివేనా? ఏం ఏరుతున్నవే?"

"పురుగులు" అన్నాను.

"నా కాయలు తినేటియా? ఏరు ఏరు, మంచిగైతవు!" అని నవ్వింది. నవ్వితే పళ్ళన్నీ కనిపించాయి, తెల్లగా, వరసగా. నేను తల తిప్పుకున్నాను. ఆమె కొంచెం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "బిడ్డా, నేను చేద ముట్టుకుంటే మీ నాయినమ్మ నీళ్ళు పారబోసిందట. పిల్లగాడు ఎట్లున్నడని అడుగుదామంటే తలుపేసుకుంటున్నరు. నేనేమన్న తప్పు జేసిన్నా?"

"నాకు తెల్వదు" అన్నాను.

ఆ మాట అప్పుడు వచ్చింది నా నోటికి.

నాలుగో రోజుకు పురుగులు తినడం మానేశాయి. ఎండాకుల మధ్య పలచని దారాలు అల్లుకుని, ముడుచుకుని, గోధుమరంగు గూళ్ళలా అయిపోయాయి. ఇక చెయ్యడానికి ఏమీ లేదు. రోజూ పొద్దున లేవగానే గూట్లో పట్టకారును చూడడం, తర్వాత పక్కింటి కిటికీలో చిమ్నీని చూడడం. రెంటిలోనూ కదలిక లేదు. అమావాస్యకు మూడు రోజుల ముందు తమ్ముడి జ్వరం దిగింది. నేనే మొదట చూశాను. నా వేలు పట్టుకుని నోట్లో పెట్టుకున్నాడు, పాలకు ఏడ్చాడు. అవ్వ అప్పటికింకా తన అర్రలోనే నులక పేనుకుంటున్నది. ఇంట్లో అందరూ ఆ ఏడుపు విన్నారు. పట్టకారును మాత్రం ఎవరూ గూట్లోంచి తీయలేదు.

అమావాస్య నాడు పొద్దున ఖాలా గోడ మీదుగా నన్ను పిలిచింది. చిమ్నీలో ఒక గూడు నల్లబడి, రెక్కల బొట్లు లోపలి నుంచి లీలగా కనిపిస్తున్నాయి. "గంటల బయటికెల్తది. తీస్కపోయి మీ తాత ముందర పెట్టు. నువ్వు ఏం మాట్లాడకు. గియ్యాల నీ పని నోరు మూసుకునుడే."

తాతయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పీకే మనిషి మధ్యాహ్నానికి వస్తాడు. నేను చిమ్నీని ఆయన మోకాళ్ళ ముందు పెట్టాను. ఏందిది అన్నాడు. నేను పలకలేదు. నోరు మూసుకుని ఉండడం ఏమిటో ఆ రోజు తెలిసింది. నేను పలకకపోవడమే వింతగా తోచి కాబోలు, ఆయన వంగి చూశాడు. అప్పుడే గూడు చిట్లింది.

బయటికి వచ్చింది తడి గుడ్డపీలికలా ఉంది. ఎండుపుల్ల ఎక్కి వేలాడింది. రెక్కలు ముడతలు ముడతలుగా, గింజలంత ఉన్నాయి. ఆ ముడతల్లోనే నల్లచుక్కలు, ఎర్రబొట్లు ఒకదాని మీద ఒకటి కిక్కిరిసి ఉన్నాయి. రెక్క సాగుతున్నకొద్దీ బొట్లు విడివడి ఎవరి చోటికి వాళ్ళు పోయినట్టు సర్దుకున్నాయి. రెండు వైపులా ఒకేసారి. ఒక్క చెయ్యి కూడా దాన్ని తాకలేదు. తాతయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. ఎవరో వచ్చి పలకరిస్తే చేత్తో పొమ్మన్నాడు. పురుగు రెక్కలు ఆరబెట్టుకునేదాకా చూశాడు. తర్వాత గుడ్డ విప్పి, వేలితో మెల్లగా తాకాడు. అది పక్కకు ఒరిగి చచ్చినట్టు పడిపోయింది, మెడ దగ్గర పసుపు నురగతో.

"తాతా, నేను అబద్ధం చెప్పిన" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. "ఎవ్వలతోని అనకు" అన్నాడు. చిమ్నీకి మళ్ళీ గుడ్డ కడుతూ, "అన్నవా, తోలు దీస్త" అన్నాడు.

మధ్యాహ్నం వచ్చిన మనిషిని, దినం మంచిగ లేదని చెప్పి వెనక్కి పంపించాడు. పట్టకారు గూట్లోంచి మాయమైంది. అక్కడితో ఆగి ఉంటే నేనూ అన్నయ్యతో కలిసి దండం పెట్టేదాన్ని. సాయంత్రం అరుగు మీద మగవాళ్ళందరినీ కూర్చోబెట్టి తాతయ్య చెప్పిన మాట వేరు. ముసలిది కదా, పళ్ళ జోలికి పోవద్దు, రేపు పొద్దునకల్లా వాడ ఖాళీ చేసి పోవాలి, జనుము పీకి కాలబెట్టాలి అన్నాడు. అందరూ ఆయన దయకు తలలూపారు. పురుగు సంగతి ఒక్క ముక్క కూడా ఆయన నోట రాలేదు. కళ్ళతో చూసిన మనిషి! వాడలో తన మాట తప్పయిందని ఒప్పుకోవడం కన్నా ఒక ముసలిదాన్ని గడప దాటించడమే ఆయనకు తేలికైంది. దయ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది అందుకే.

పళ్ళు వదిలేశాం, పొమ్మని రాత్రే ఆమెకు చెప్పేశారు. తెల్లవారి అవ్వ నార కట్ట నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. ఎటు పోయిందో ఎవరూ అడగలేదు. వెనకాల జనుముకు నిప్పు పెట్టారు. పొగలోంచి తెల్లని పురుగులు లేచి వాడంతా ఎగిరాయి. ఆడవాళ్ళు కేకలు పెట్టి పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. నేను దర్వాజా దగ్గరే నిలబడ్డాను. అవ్వ నా ముందుకు వచ్చి ఆగింది. నేను అడుగు కూడా కదపలేదు, అయినా నేనున్నానని తెలిసింది. నా ముఖం ఉన్నచోటికి తన ముఖం తిప్పి, పెదవులు విప్పి, పళ్ళన్నీ కనిపించేలా నోరు తెరిచింది. కాసేపు అట్లాగే ఉండి, కర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయింది.

కాలేజీలో జంతుశాస్త్రం చదివేటప్పుడు ఒక గాజు పెట్టెలో, సూదికి గుచ్చి ఆ పురుగు మళ్ళీ కనిపించింది. టైగర్ మాత్ అట, చిమ్మటల్లో పులి. ఆ పేరు విని క్లాసులో నాకు నవ్వొచ్చింది. తిన్న జనుములోని విషం దాని ఒంట్లో ఉంటుందని, ఆ బొట్లు చూసి పిట్టలు దాని జోలికి రావని మా లెక్చరర్ చెప్పింది. నన్ను ముట్టుకోవద్దని అది తన ఒంటి మీద రాసుకు తిరుగుతుందన్నమాట. మా నాయనమ్మ ఆ రాతను ఇంకెవరి చేతిరాతో అనుకుంది. అనుకోవడానికి సాయం చేసింది నేను.

ఖాలా నేర్పినట్టు ఇప్పటికీ ఎవరేం చెప్పినా రెండో రెక్క చూపించమంటాను. ఇందుకే నాతో వాదనకు దిగడం మా ఇంట్లో ఎవరికీ ఇష్టం ఉండదు. తెలియదు అనడం కూడా నేర్చుకున్నాను, ఆలస్యంగానైనా. అన్నయ్య కథను ఎన్నిసార్లయినా సరిచేస్తాను, నాకు విసుగు లేదు. ఆ దర్వాజా దగ్గరి నిమిషం ఒక్కటే నాకు చిక్కలేదు. పళ్ళు మిగిలాయని చూపించిందా? మిగిల్చింది నేనని అనుకుందా? లేక పట్టకారును ఆ గూట్లోకి పిలిచింది ఎవరి నోరో, ఆ కళ్ళులేని మనిషికి ముందే తెలుసా?